ముందు చేరిన కాగితం

మా ఇంటికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు హాల్లో ఫోటో చూసి అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మీ మామగారాండీ? ఎంత తెల్లగా ఉండేవారో!"

ఆయన మా మామగారు కాదు. కమాండర్ అమోస్ విట్లాక్ అనే అమెరికన్ దొర. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, సబ్‌మెరైన్లు ఇంకా పాలుమరవని రోజుల్లో, వాటిని నీళ్ళలోకి దించి కొన్నిసార్లు పైకి కూడా తెచ్చిన మహానుభావుడు. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో 1979లో మేము కొన్న ఇల్లు ఆయన కట్టించుకున్నదే. ఫోటోని హాలు గోడ చెక్కల్లోకి బిగించేశారు. ఊడదీస్తే గోడ కూడా వస్తుందన్నాడు వడ్రంగి. పోయిన మనిషి ఫోటో బొట్టూ దండా లేకుండా బోసిగా కనబడుతుంటే నాకు ముద్ద దిగదు. అందుకని గృహప్రవేశం నాడే నుదుట కుంకుమ పెట్టి, చందనపు దండ వేశాను. ఆ మీసాలకీ ఆ టోపీకీ బొట్టు ఎంత నప్పిందో చెప్పలేను. మా అమ్మాయి రేణు మూడో క్లాసులో ‘మా తాతయ్య’ అని ఆయనమీద వ్యాసం రాసి ‘ఏ’ గ్రేడు తెచ్చుకుంది. టీచరుకి అనుమానం వచ్చినట్టు లేదు.

ఇంటితోపాటు బేస్‌మెంట్‌లో నాలుగు పెట్టెల కాగితాలు కూడా వచ్చాయి. ఇల్లు అమ్మిన ఆయన మేనకోడలు ఫ్లోరిడా నుంచి ఫోన్లో, చెత్తలో పడేయమంది. ఆవిడకేం, ఎన్నైనా చెబుతుంది. కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే వంశాలు మావి. సరస్వతిని తీసుకెళ్ళి చెత్తడబ్బాలో వేస్తామా? పెట్టెలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

మా ఆయన రాజగోపాల్ ఒక కార్ల కంపెనీలో ఇంజనీరు. వైపర్ల శాఖ. పదకొండేళ్ళుగా ఊరివాళ్ళ అద్దాలమీద వాన తుడిపిస్తూ అదే కుర్చీలో ఉన్నారు. ఆయన వెనక చేరినవాళ్ళు మేనేజర్లై, వాళ్ళ వెనక చేరినవాళ్ళు కూడా మేనేజర్లవుతున్నారు. రాత్రి భోజనం దగ్గర ఆ పేర్లన్నీ విష్ణు సహస్రనామంలా వినడం నాకు అలవాటైపోయింది. అయినా మంచివారే. అప్పటికి.

1980 శరత్కాలంలో ఒక ముసలావిడ వచ్చింది. ఊళ్ళో పాత ఇళ్ళమీద చిన్న పుస్తకం వేస్తున్నారట. కమాండర్ గారి ఉద్యోగ జీవితం గురించి నాలుగు పేజీలు రాసిపెడతారా అని అడిగింది. ఫోటోమీద బొట్టు చూసి ఒక్క క్షణం ఆగింది. నౌకాదళంలో అదేదో హోదా గుర్తు అనుకుంది కాబోలు. మా ఆయన సంబరంగా ఒప్పేసుకున్నారు. ఆదివారాలు భోజనాలయ్యాక పెట్టెలు పైకి తెచ్చి, చదివి, ఇంగ్లీషులో చెప్పడం ఆయన పని. టైపు చెయ్యడం నా పని. నేను గుంటూరులో టైపు హయ్యర్ ఫస్టు క్లాసులో పాసైనదాన్ని. కాపురంలో ఆ సర్టిఫికెట్టు ఒక్కటే పనికొచ్చింది, అదీ ఆయనకే.

విట్లాక్ గారి నౌకాదళ జీవితం వాంతులతో మొదలైంది. ఓడ రేవు దాటకముందే కమ్మీ పట్టుకుని వేలాడేవారట. అలలు నీళ్ళమీదే గానీ నీళ్ళ అడుగున ఉండవని ఎవరో చెబితే, 1908లో సబ్‌మెరైన్లకి దరఖాస్తు పెట్టుకున్నారు. అప్పట్లో ఆ పనికి తెలివున్నవాడెవడూ ముందుకొచ్చేవాడు కాదు. ఇనప పీపాలో పదిహేనుమంది, మధ్యలో పెట్రోలు ఇంజను, గాలాడదు. పెట్రోలు ఆవిరి లీకైతే ముందుగా తెలియడానికి బోనులో తెల్ల ఎలకల్ని పెంచేవారు. ఎలక పడిపోతే మనుషులు పైకి రావాలి. మొదటి ఏడాది కమాండర్ గారు పైవాళ్ళకి రాసిన ఉత్తరాల్లో సగం ఆ ఎలకలమీద ఫిర్యాదులే. కిచకిచలాడి ఆయన్ని నిద్రపోనివ్వడం లేదట. తమ ప్రాణానికి అవి కాపలా అన్న సంగతి ఏ ఉత్తరంలోనూ లేదు.

ఆయన చేతికిచ్చిన సబ్‌మెరైన్ పేరు స్మెల్ట్. వేలెడు పొడుగుండే ఒక చేప పేరు అది. 1910లో ఒక పండగనాడు జనం, బ్యాండు మేళం, గవర్నరు గారి భార్య ఒడ్డున చూస్తుండగా స్మెల్ట్ ఠీవిగా బయల్దేరి, సరిగ్గా రెండువందల గజాలు వెళ్ళి ఇసకతిన్నె ఎక్కి కూర్చుంది. బ్యాండువాళ్ళకి ఆపాలో వాయించాలో తెలియక అదే పాట నాలుగుసార్లు వాయించారట. సముద్రం పోటెక్కితే గానీ పడవ కదలదు. ఇంకొకరైతే సిగ్గుతో చచ్చేవారు. విట్లాక్ గారు ఒరిగిపోయిన గదిలో, ఒరిగిపోయిన బల్లమీద, ఇసకలో ఉండగానే నివేదిక రాయడం మొదలుపెట్టారు. మ్యాపు తప్పు, చుక్కాని పట్టినవాడికి చెవుడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆయన విని ఉండరు గానీ పాటించడంలో ఏ లోటూ చెయ్యలేదు. పోటొచ్చేలోపే ఆ కాగితం చిన్న పడవలో ఒడ్డు చేరింది. విచారణలో చుక్కాని పట్టినవాడి హోదా తగ్గించి, కమాండర్ గారి నిబ్బరాన్ని మెచ్చుకున్నారు.

1912లో సాధన కోసం ఒక టార్పెడో వదిలితే అది చక్కగా గుండ్రంగా తిరిగొచ్చి సొంత సరుకుల ఓడ వంటింటికి బొక్క పెట్టింది. వంటవాడు మీద ఒలికిన సూపు తుడుచుకునేలోపే ఇక్కడ నివేదిక తయారు. టార్పెడోకి నూనె రాసినవాడి తప్పట. ఆ ఏడే విట్లాక్ గారికి ప్రమోషన్. ఇక 1918లో, యుద్ధం ముగియబోతుండగా, శత్రువు పెరిస్కోపు కనబడిందని నాలుగు గంటలపాటు తరిమారు. అది నీళ్ళలో నిలువుగా తేలుతున్న చెట్టుమొద్దు. నివేదికలో మాత్రం ‘శత్రువు వెనుదిరిగాడు’ అని ఉంది. అల కొడితే మొద్దు వెనక్కి తిరగదూ మరి, అది నిజమే! దానికి పతకం ఇచ్చారు. పతకం కూడా రెండో పెట్టెలోనే ఉంది, ఎలకలు కొరికిన వెల్వెట్టు డబ్బాలో.

నాలుగేళ్ళ తర్వాత పదవీ విరమణ చేసి, సముద్రం ముఖం మళ్ళీ చూడనవసరం లేకుండా ఇంత లోపలికి వచ్చి ఇల్లు కట్టుకున్నారు. ఇక్కడ కూర్చుని ‘యువ అధికారులకు సూచనలు’ అని ఒక గ్రంథం రాశారు. ఎవరూ అచ్చు వెయ్యలేదు. అందులో ఒక చోట ఇలా ఉంది: ‘ముందు చేరిన కాగితం నివేదిక. తర్వాత చేరింది సంజాయిషీ.’

అది వినగానే నేను టైపు ఆపి పొట్ట పట్టుకుని నవ్వాను. "ఈ పెద్దమనిషికి బొట్టు పెట్టింది నేనేనా! రేపే చెరిపేస్తాను," అన్నాను.

మా ఆయన నవ్వలేదు. ఆ వాక్యాన్ని జేబు డైరీలో రాసుకున్నారు. "నవ్వకు ఆండాళూ. పాయింట్ చూడు. ఈయన ఒక్క బోటు కూడా సరిగ్గా నడపలేదు. అయినా ఎక్కడా ఆగలేదు. ఎందుకంటావ్? నేనేమో పదకొండేళ్ళు అన్నీ సరిగ్గా చేశాను," అన్నారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కమాండర్ గారి మాటలు పద్యాల్లా వినబడడం మొదలైంది. పాలు పొంగినా ఆయన మాటే, కారు మంచులో దిగబడినా ఆయన మాటే. ఆఫీసుకి వెళ్ళేముందు మా ఆయన ఫోటో దగ్గర ఒక అరనిమిషం నిలబడేవారు. దణ్ణం పెట్టుకుంటున్నారా అని అడిగితే, టై సరిచేసుకుంటున్నానన్నారు. ఎదురుగా అద్దం లేదు మరి.

ఇక్కడ జగదీష్ సంగతి చెప్పాలి. బాపట్ల నుంచి వచ్చాడు. మా ఆయనే తన శాఖలో ఇంజనీరుగా తీసుకున్నారు. 1979 నవంబరులో మంచు కురుస్తుంటే ఒక పల్చటి సూటు వేసుకుని విమానం దిగాడు. మా ఆయన తన పాత కోటు తీసుకెళ్ళి ఎయిర్‌పోర్టులో తొడిగి తీసుకొచ్చారు. మూడు నెలలు మా బేస్‌మెంట్‌లో, ఆ పెట్టెల పక్కనే పడుకున్నాడు. నా పప్పుచారు తింటూ, "అక్కయ్యా, కిందున్న పెట్టెలు తిరగేశాను. ఈయన నడిపిన సబ్‌మెరైన్ కంటే మా ఊరి చేపల పడవలు నయం. అవి కనీసం చేపలు పడతాయి," అనేవాడు. తర్వాత ఇల్లు చూసుకున్నాడు, భార్య విద్య వచ్చింది. కంపెనీ వాడి గ్రీన్ కార్డుకి దరఖాస్తు పెట్టింది, ఇంకా రాలేదు. అది వచ్చేదాకా వాడికి ఉద్యోగమే వీసా, వీసాయే ఉద్యోగం. ఒకటి ఊడితే రెండోదీ ఊడుతుంది.

1981 మొదట్లో కార్ల కంపెనీలన్నీ మనుషుల్ని తీసేస్తున్నాయి. మా ఆయన శాఖలో ఒకరు పోతారని తెలుసు, ఎవరో తెలియదు. అలాంటి సమయంలో ఫిబ్రవరిలో, ఉత్తరాన మంచు మైదానంలో కొత్త మోడల్ కార్ల పరీక్ష జరిగింది. వైస్ ప్రెసిడెంట్లు బొచ్చు టోపీలు పెట్టుకుని వచ్చి వరసగా నిలబడ్డారు. పన్నెండు కార్లు బయల్దేరాయి, మంచు మొదలైంది, వైపర్లు రెండుసార్లు ఊగి పన్నెండూ ఒకేసారి నిలిచిపోయాయి. మోటారులో గ్రీజు ఆ చలికి మైనంలా గడ్డకట్టిందట. ఒక కారు గుడ్డిగా వెళ్ళి, వైస్ ప్రెసిడెంట్ల కాఫీ టేబుల్ని గుద్దింది. బ్యాండు మేళం ఒక్కటే తక్కువ.

శనివారం సాయంత్రం మా ఆయన అక్కణ్ణుంచి తిరిగొచ్చారు. కోటు విప్పకుండానే డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టారు. రెండు పేజీలు. నా ముందు పెట్టి, "టైప్ చెయ్యి. త్రీ కాపీస్," అన్నారు.

మొదటి పేరా దాకా వచ్చి ఆగాను. తప్పంతా జగదీష్‌ది అని ఉంది. గ్రీజు వాడే ఎంచాడట, చలికి పరీక్షించలేదట, ఎవరికీ చెప్పలేదట.

"నిజంగా వాడేనా?" అన్నాను.

"డిజైన్ వాడిది."

"చూసి సంతకం పెట్టింది మీరు కదా?"

"నేను నమ్మి సైన్ చేశాను. గడ్డకడుతుందని వాడు ఒక్క మాట చెబితే కదా!"

"ఏమండీ, వాడికి కార్డు రాలేదు. ఇప్పుడు ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిస్తారా? విద్యకి ఆరో నెల."

ఆయన నావైపు చూడలేదు. "మా గ్రూప్‌లో ఒకణ్ణి లే ఆఫ్ చేస్తారు. వాడా, నేనా అన్నదే క్వశ్చన్. వాడు యంగ్, ఎక్కడో జాబ్ చూసుకుంటాడు. నాకు నలభై మూడు. మండే పొద్దున డొనాల్డ్‌సన్ డెస్క్ మీద మన పేపర్ ఉండాలి, అంతే."

డొనాల్డ్‌సన్ అంటే మా ఆయన పైఅధికారి. నేను ఇంకో పది నిమిషాలు అరిచాను. ఆ తర్వాత టైపు చేశాను. అరవడం ఎంతసేపు అరిచినా, టైపు చేసిన మాట నిజం. మూడు కాపీలు, ఒక్క తప్పు కూడా పడలేదు. వాడు చెప్పకపోవడం వాడి తప్పే కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను. రేణు చదువు, ఈ ఇల్లు, ఆయన వయసు అన్నీ తలచుకున్నాను. మనిషికి కారణాలు కావాలంటే కరువా!

కమాండర్ గారి సూత్రం కార్ల కంపెనీలో కూడా చక్కగా పనిచేసింది. మార్చి రెండో వారంలో జగదీష్‌కి నోటీసు ఇచ్చారు, ఏప్రిల్ నెలాఖరుతో సరి. ఆ పక్క వారమే మా ఆయన్ని మేనేజర్ చేశారు. సమస్యని వెంటనే గుర్తించి నిర్భయంగా తెలియజేసినందుకట. నిబ్బరం అన్న మాట వాడలేదు, నయం.

పుస్తకం ముసలావిడ తొందరపెడుతోంది. 1913 ఒక్కటీ ఖాళీగా ఉంది. మా ఆయన కొత్త పదవిలో తీరిక లేకుండా ఉన్నారు కనుక, ఒక మధ్యాహ్నం నేనే బేస్‌మెంట్‌లోకి దిగి నాలుగో పెట్టె తెరిచాను. అడుగున ‘పీటర్సన్’ అని రాసిన ఒక మందపాటి ఫైలుంది.

1913లో స్మెల్ట్ యుద్ధంలోనూ కాదు, సముద్రంలోనూ కాదు, రేవులో తాడుతో కట్టి ఉండగా మునిగింది. ఒక వాల్వు కారుతోందని పీటర్సన్ అనే మెకానిక్కు రెండుసార్లు కాగితం రాసి ఇచ్చాడు. కమాండర్ గారికి మరమ్మతు కోసం, విందుకి వెళ్ళాల్సిన ప్రయాణం వాయిదా వెయ్యడం ఇష్టం లేక పక్కన పెట్టారు. పడవ మునిగి ఒక నావికుడి కాలు పోయింది. నివేదికలో వాల్వు తెరిచి వదిలేసినవాడు పీటర్సన్. వాడి ఉద్యోగం, పెన్షను రెండూ పోయాయి. ఫైల్లో వాడు విట్లాక్ గారికి రాసిన ఉత్తరాలు మూడున్నాయి. 1919లో ఒకటి, 1924లో ఒకటి, 1931లో ఒకటి. ‘నేను ముందే చెప్పానని ఒక్క వాక్యం రాసివ్వండి సార్, ఇంకేమీ వద్దు’ అని మూడింట్లోనూ అదే మాట. మూడో ఉత్తరంలో అక్షరాలు వణికాయి. ప్రతిదాని మూలనా కమాండర్ గారి పెన్సిలు రాత: ‘ఫైలులో ఉంచాలి.’

ఇన్నాళ్ళూ ఆయన్ని చూసి నవ్వాను కదా, ఆ పూట నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

ఆ మూడు ఉత్తరాల కింద ఇంకో కాగితం ఉంది. పసుపు రంగుది, కొత్తది. రాత నాకు తెలుసు. మా ఫ్రిజ్ మీద సరుకుల జాబితాలు ఆ రాతలో మూడు నెలలు చూశాను. 1981 జనవరి 19 తేదీ వేసి, మైనస్ ఇరవైకి ఈ గ్రీజు గడ్డకడుతుందని, మార్చకుండా పరీక్షకి పంపొద్దని, మా ఆయన పేరుకి జగదీష్ రాసిన నోటు. పక్కన మా ఆయన పొట్టి సంతకం, ‘చూశాను’ అని.

ఆయన ఆఫీసు నుంచి రాగానే కాగితం ముందు పెట్టాను. "ఒక్క మాట చెప్పలేదన్నారే?"

ఆయన మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. "గ్రీజు మారిస్తే సిక్స్ వీక్స్ డిలే అయ్యేది. ఆ డిలే నా పేరు మీద పడేది. అయినా చింపేశానా? చింపేవాణ్ణైతే ఎప్పుడో చింపేసేవాణ్ణి."

"కాగితం చింపితే పాపం. మనిషినైతే చింపొచ్చు," అన్నాను.

"ఇప్పుడు ఇది బయటికి తీస్తే వాడి జాబ్ తిరిగి రాదు. నాదీ పోతుంది. ఏం చెయ్యమంటావో చెప్పు."

నోటు మళ్ళీ ఫైల్లో పెట్టాను. మూడు వారాలు నేనూ ఫైలులోనే ఉంచాను. నన్ను తిట్టుకోవడానికి ఇంతకంటే గట్టి మాట నాకు తెలియదు.

ఏప్రిల్ అయిదున ఉగాది. హైస్కూలు ఆడిటోరియంలో తెలుగు సంఘం సంబరాలు, మా ఆయనకి సన్మానం. సంఘం అధ్యక్షుడు వాసుదేవరావు గారు గుండె డాక్టరు, మైకు దొరికితే మాత్రం ఎవరి గుండెనీ లెక్కచెయ్యరు. "మన తెలుగువాడి నిజాయితీని అమెరికావాడు గుర్తించిన శుభదినం," అని ముప్పావుగంట మాట్లాడి శాలువా కప్పారు. ఆ శాలువా ఏటా అదే. ఫోటో అయ్యాక వాళ్ళావిడ పద్మిని గారు వచ్చి మడతపెట్టి తీసుకుపోతారు. జగదీష్, విద్య ఒక మూల ఫోమ్ కప్పుల్లో ఉగాది పచ్చడి పంచుతున్నారు. సన్మానమప్పుడు జగదీష్ గరిటె పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. నాకు ఆ పచ్చడిలో చేదు తప్ప ఇంకో రుచి తగల్లేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం వాడు ఒక్కడే ఇంటికొచ్చాడు. ఒహైయోలో ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచిందట. ఉద్యోగం ఇస్తే వీసా కూడా వాళ్ళే చూసుకుంటారు, కానీ ఇప్పటి పైఅధికారి నుంచి ఉత్తరం కావాలన్నారు.

"సార్, రెండు లైన్లు చాలు," అన్నాడు.

మా ఆయన పొంగిపోయారు. "రెండేమిటోయ్, రెండు పేజీలు ఇస్తాను," అని మేడమీద గదిలోకి వెళ్ళారు. నేనూ వెళ్ళి టైపు మిషన్ ముందు కూర్చున్నాను. ఆయన చెబుతున్నారు, నేను కొడుతున్నాను. తెలివైనవాడు, కష్టపడేవాడు, నమ్మకస్తుడు. ఉన్న మంచి మాటలన్నీ అయిపోయాయి. ఆఖర్న నేను ఆయన్ని అడక్కుండా ఒక వాక్యం కొట్టాను. వైపర్ మోటారు లోపం గురించి ఈ ఇంజనీరు జనవరి 19నే రాతపూర్వకంగా హెచ్చరించాడు, అని.

ఆయన చదివి, కలం మూత పెట్టేశారు. "అది తీసెయ్."

"నిజం కాదా?"

"ఆ కంపెనీవాడు డొనాల్డ్‌సన్‌కి ఒక్క ఫోన్ కొడితే నా పని ఫినిష్. తీసెయ్యకపోతే సైన్ చెయ్యను. అప్పుడు వాడికి ఏ లెటరూ ఉండదు. నీ ఇష్టం."

మళ్ళీ కొట్టాను, ఆ వాక్యం లేకుండా. ఆయన సంతకం పెట్టడానికి కూర్చున్నారు. సంతకం ముందు మొత్తం మూడుసార్లు చదువుకోవడం ఆయనకి ఈమధ్య అలవాటు. ఆ వ్యవధి నాకు చాలు. మేడ దిగి, బేస్‌మెంట్‌లోకి దిగి, పసుపు కాగితం తీసుకుని హాల్లోకి వచ్చాను. జగదీష్ ఉప్మా ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాగితం వాడి చేతిలో పెట్టాను.

"నీ నోటు. ఆయన దాచారు. నీమీద రాసిన మెమో టైపు చేసింది నేనే. ఇది తీసుకెళ్ళి డొనాల్డ్‌సన్‌కి చూపించు. ఏమైతే అదవుతుంది," అన్నాను. ఇల్లూ వాకిలీ అన్నీ ఒక్క కాగితంతో వాడి చేతిలో పెట్టేశానని తెలుసు. అయినా మూడు వారాల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడింది.

వాడు కాగితం చూశాడు. ఆశ్చర్యపోలేదు. మెల్లగా నా చేతికి తిరిగిచ్చేశాడు.

"నా దగ్గర జెరాక్స్ ఉందక్కయ్యా. ఇచ్చిన రోజే తీసుకున్నాను. సార్ సంతకంతో సహా."

"మరి... నోటీసు ఇచ్చినప్పుడే చూపించొచ్చు కదరా?"

"చూపించాలనే ఆఫీసుకి పట్టుకెళ్ళాను. రెండుసార్లు. డొనాల్డ్‌సన్ రూమ్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. సార్ కోటు తొడుక్కునే ఉన్నాను అప్పుడు. మూడు నెలలు మీ చేతి అన్నం తిన్నానక్కయ్యా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టమంటే నా వల్ల కాలేదు." ఉప్మా కలుపుతూ తలొంచుకున్నాడు. "సార్ తనంతట తాను చెబుతారేమోనని చూశాను. ఉగాది నాడు కూడా చూశాను."

మెట్లమీద అడుగుల చప్పుడైంది. కాగితం కొంగులోకి తోశాను. మా ఆయన ఉత్తరం ఊపుకుంటూ వచ్చి, "ఇదిగో, ఈ లెటర్ చూస్తే ఎవడైనా ఇంటర్వ్యూ లేకుండా తీసుకుంటాడు," అన్నారు. జగదీష్ లేచి రెండు చేతులా అందుకున్నాడు. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "థాంక్స్ సార్. వెళ్ళొస్తాను అక్కయ్యా," అన్నాడు. వాడి కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను.

"నేను దిగేసరికి ఏదో మాట్లాడుకుంటున్నారు. ఏమిటి?" అన్నారు మా ఆయన.

"ఆ నోటు వాడికి ఇచ్చేశాను. తిరిగి ఇచ్చేశాడు. వాడి దగ్గర కాపీ ఉందట, మీ సంతకంతో సహా. మొదట్నుంచీ ఉందట."

ఆయన తలుపు పట్టుకున్నారు. వీధిలోకి చూశారు, కారు వెళ్ళినవైపు. "ఎవరికైనా చూపిస్తాడంటావా?"

వాడి మీద జాలి గానీ, చేసినదానికి సిగ్గు గానీ, ఆ మొహంలో ఎంత వెతికినా కనబడలేదు. ‘అయ్యో’ అనే మాట కోసం ఎదురుచూశాను, రాలేదు.

"చూపించడు," అన్నాను.

"ఎందుకు చూపించడు?" అన్నారు. నిజంగానే అర్థం కాక అడిగారు.

"మనింట్లో అన్నం తిన్నాడు కనుకట."

ఆయన కాసేపు ఆలోచించారు. ఆ లెక్క సరిగ్గానే ఉందని తేలినట్టుంది, మొహంలోకి మళ్ళీ రంగు వచ్చింది. "మంచి కుర్రాడు," అని హాయిగా ఊపిరి వదిలి, మేడమీదికి వెళ్ళారు.

పధ్నాలుగేళ్ళ కాపురంలో ఆయనమీద విసుక్కున్నాను, నవ్వాను, అరిచాను. ఆ మనిషిని చూసి భయపడింది మాత్రం అదే మొదటిసారి.